రిస్సానీ దారిలో పడిపోయిన ఇత్తో

అజ్రూ ఊరి పైన, దేవదారు అడవి అంచున ఉన్న చేపల చెరువుల్లో ఇత్తోకు పని. పొద్దున్నే చేపపిల్లలకు మేత వేసి, రబ్బరు బూట్లు విప్పేసి పరుగు బూట్లు తొడుక్కునేది. నలభై ఆరేళ్ళ వయసులో కూడా ఆ కొండదారుల్లో ఆమెకు దీటుగా పరుగెత్తగల ఆడమనిషి ఒక్కతే, తూదా. చిన్నప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే బడి, ఒకే జట్టు.

ఆ ఏడు ఇద్దరూ దక్షిణాన ఎడారి అంచున రిస్సానీలో జరిగే మారథాన్‌కు వెళ్ళారు. చలికొండల మనుషులకు అక్కడి ఎండ తెలియదు. ఖర్జూర తోటలు దాటేసరికి ఇత్తో అడుగులు దారికి అడ్డంగా పడసాగాయి. చెమట ఆగిపోయింది.

"గొర్రెల్ని లోపలికి తోలారా?" అని అడిగింది పక్కనున్న తూదాని.

"ఏం గొర్రెలే! ఇంకో మలుపు తిరిగితే అయిపోతుంది, రా!" అని తూదా ముందుకు సాగింది. వెనక ఇత్తో ఎడమ పక్కకు కంకర మీద కూలబడింది. తూదా ఒకసారి తిరిగి చూసింది, ఆగలేదు. ఆ వయసు ఆడవాళ్ళలో గెలిచింది కూడా.

దారి పక్కన ఉన్నవాళ్ళు ఇత్తోని మోసుకెళ్ళి మంచునీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదన్నాడు అక్కడి వైద్యుడు. వారానికల్లా లేచి తిరిగింది. "పతకం బానే మెరుస్తోందే," అని తూదాని ఎత్తిపొడిచి ఊరుకుంది.

చలికాలంలో ఎడమ గజ్జల్లో నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీస్తే కీలు కొంచెం అరిగిందన్నారు, అంతే. కొండ మీద ఎముకలు కట్టే ముసలాయన ఆలివ్ నూనెతో మర్దన చేశాడు. కీలులోకి ఇంజెక్షన్ వేయించుకుని మళ్ళీ పరుగెత్తింది. వేసవి వచ్చేసరికి మేజోడు తొడుక్కోవడానికి కూడా వంగలేకపోయింది. ఆమె మొగుడే తొడిగేవాడు, అతని పేరు బస్సూ.

"నా కాలు పోయింది ఆ పడడంతోనే. నన్నక్కడ వదిలేసింది ఎవరో అందరికీ తెలుసు," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. ఆ మాట తూదా చెవిన పడింది. తూదా మంగళవారం సంతకు రావడం మానేసింది.

మెక్నెస్ పట్నం ఆస్పత్రిలో డాక్టర్ విదాద్ పాత ఎక్స్‌రే ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టింది. మొదటిదానిలో తొడ ఎముక తల గుండ్రంగా ఉంది. రెండోదానిలో సగం లేదు.

"పడినందుకే కదా డాక్టరమ్మా?"

"కాదమ్మా. అప్పుడే విరిగి ఉంటే మొదటి ఫోటోలోనే కనపడేది. కొందరికి తుంటి కీలు ఇలా నెలల్లోనే అరిగిపోతుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు."

"మరి ఎండదెబ్బ?"

"అది వేరు, ఇది వేరు."

ఇత్తోకు ఊరట కలగలేదు, కోపం వచ్చింది. "అయితే ఇప్పుడు నేనెవర్ని అనాలి?" అంది. డాక్టర్ ఆపరేషన్ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

కొత్త కీలు వేశాక, ఇత్తో ఆస్పత్రిలో ఉండగానే, తూదా వచ్చింది. మెంతులు వేసి వండిన కోడికూర గిన్నె బల్ల మీద పెట్టి నిలబడే ఉంది.

"కూర్చోవే. కాలు పోవడం నీ వల్ల కాదట. డాక్టరమ్మ చెప్పింది."

"బస్సూ చెప్పాడు." తూదా కూర్చుంది. "కానీ నిన్ను వదిలేసి పోయాను కదే. చూసి కూడా పోయాను."

"పోయావు," అంది ఇత్తో.

"గెలుస్తానని తెలుస్తూనే ఉంది. కాళ్ళు ఆగలేదు."

"నేనైనా ఆగేదాన్నో లేదో," అని ఇత్తో గిన్నె దగ్గరికి లాక్కుని ఓ ముక్క నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువేశావు."

పరుగు మళ్ళీ వద్దన్నారు. చెరువుల దగ్గర కూర్చుని పాడైన చేపగుడ్లు ఏరే పని ఇచ్చారు. కర్ర లేకుండా నడవగలదు, మెట్లెక్కేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. తూదా మీద అలక పూర్తిగా పోలేదు, ఒక్కోసారి మాటల్లో బయటపడుతుంది.

మరుసటి వసంతంలో ఫెజ్ నగరంలో తూదా పరుగెత్తుతుంటే చూడడానికి ఇత్తో మొగుడు బస్సూతో కలిసి వెళ్ళింది. తూదా మూడో స్థానంలో వాళ్ళ ముందు నుంచి పోయింది. "చేతులు మరీ పైకి లేపుతోంది, అలిసిపోతుంది," అంది ఇత్తో. తర్వాత ఎండ ఎక్కువైందని, మొగుడూ పెళ్ళాలిద్దరూ వీధి మలుపులో అమ్మే నత్తల చారు తాగడానికి వెళ్ళారు.