ఖాళీ గ్లాసు

మా పాపకు మూడేళ్లు నిండినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. కుప్పంలో ఉండే మా అమ్మ మాటలొస్తాయని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పుంగనూరులో మా వీధివాళ్లు తలా ఒక డాక్టరయ్యారు. చివరికి మదనపల్లెలో పిల్లలకు థెరపీ చేసే ఒక మేడమ్ ఇది ఆటిజమని చెప్పి, చిన్న వయసులోనే మొదలుపెడితే మంచిదని వారం వారం రమ్మంది.

ఆమె మొదట నేర్పింది మాట కాదు, అడగడం. "పాపకేం కావాలో మీకు తెలిసినా తెలియనట్టే ఉండండమ్మా. ఖాళీ గ్లాసు తనే తెచ్చి మీ చేతిలో పెట్టాలి. పెట్టగానే పాలు పోయండి." వినడానికి ఇంతే. పాప ఏడుస్తుంటే పాలగిన్నె పక్కన నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవాలి. నెలలు పట్టింది. ఒక సాయంత్రం స్టీలు గ్లాసు తెచ్చి నా అరచేతిలో పెట్టి నిలబడింది. గబగబా పోయబోయి సగం పాలు కింద పోశాను.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నన్ను గూడా అడగతాదా మే?" అంది.

కానీ కుప్పం పోతే అమ్మ ఆగదు. పాప పొయ్యి వైపు చూస్తే చాలు, పాలు నోటి దగ్గరుంటాయి. నాకు ఒళ్లు మండింది.

"నువ్విట్ల ముందే ఇచ్చేస్తాంటే అదింక యాల అడగతాదిమా?"

అమ్మ పాప మూతి కొంగుతో తుడిచింది.

"సిన్నప్పుడు కూలికి పోయి, గంజి కోసం రైతుల వాకిట్లో గిన్నె పట్టుకోని నిలబడినా. వాళ్లు పోసేదాకా నిలబడాల. నా మనవరాలు అట్ల నిలబడితే సూడలేను మే."

మేం బస్సెక్కేటప్పుడు అమ్మే అంది, "మళ్లా వచ్చినప్పుడు ఆగతాలే. నన్నొక్క తూరి అడిగితే సాలు."

మళ్లీ మేం పోయింది అమ్మ గుండె ఆగి చనిపోయిందని తెలిసి. వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఆ ఏడుపుల్లో పాప వంటింట్లోకి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. స్టీలు గ్లాసు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అది దొర్లిపోయింది. తీసి మళ్లీ పెట్టింది. ఎవరో ఎత్తుకోబోతే గింజుకుని దిగి, అక్కడే నిలబడింది. పోసేదాకా కదలకూడదని నేర్పాం కదా.

అమ్మ కోరుకున్నట్టే అడిగింది. పోయడానికే అమ్మ లేదు.