ఆడి మాసంలో పని అడగమన్న వెంకటసామి మామ

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. వెంకటసామి మామ పోయాడని.

నిద్రలోనే అట.

"సరే" అన్నాను. చొక్కా వేసుకుని రోజూలాగే సాత్తూరు బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. విరుదునగర్ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. తర్వాత ఎప్పుడో రోడ్డు దాటి, అటువైపు వచ్చిన కోవిల్‌పట్టి బస్సు ఎక్కాను.

మధ్యలో ఏం జరిగిందో గుర్తులేదు. ఎండ మాత్రం గుర్తుంది.

ఇక్కడ తమిళనాడులో ఉన్న మన తెలుగువాళ్ళలో తెలుగు చదవడం రానివాళ్ళే ఎక్కువ. చదవడం వచ్చినవాళ్ళు నేను రాసిన ఇది పక్కవాళ్ళకు చదివి వినిపించండి.

మామ మా ఆవిడకు పెద్దనాయన. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీకి వ్యాన్ నడిపేవాడు. ఎట్టయాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళను ఎక్కించుకుని వచ్చి, సాయంత్రం మళ్ళీ దింపేవాడు.

నేను వేరే అగ్గిపెట్టెల యూనిట్‌లో లెక్కలు రాసేవాణ్ణి. అది మూతపడింది. నాకు డిగ్రీ లేదు. లెక్కలు పక్కన కూర్చుని నేర్చుకున్నవి, కంప్యూటర్ ఫోన్‌లో చూసి నేర్చుకున్నది. బయోడేటా జిరాక్స్ తీయించి గేటు గేటుకూ తిరిగాను. వాచ్‌మన్ తీసుకునేవాడు. అంతే. ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు. ఆవిడ గొలుసు అప్పటికే మెడలో లేదు.

అలాంటప్పుడు ఒక పొద్దున మామ గుమ్మంలో నిలబడ్డాడు.

"లెయ్యి అల్లుడా. సొక్కా ఏసుకో. పని అడగను పోదాము."

మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఆడి నెలలోనా పెద్దనాయనా? ఆడిలో ఎవురైనా కొత్త పనికి పోతారా? పై నెల ఆవణి పుట్టనీ."

"ఎవురూ పోరు గదా. అందుకే దా పిలస్తాండా. గేటు కాడ జనం కూటము ఉండదు. కంపెనీ మొదలాళి సుమ్మా, ఊరికే, ఈగలు తోలుకుంటా కూసోనుంటాడు. మాట్లాడేకి వానికీ మనిషి కావాల."

ఆమె ఇంకేదో అనేలోపే నన్ను వ్యాన్ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళు అందరూ ఎక్కాక, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు.

"అమ్మా, ఈన మా అల్లుడు. కణక్కు లెక్కలు బాగా రాస్తాడు. ఇప్పుడు పని ల్యా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాళ్ళలో ఎస్తేరమ్మ అనే ఆమె వెనక సీట్లోంచి అంది. "పని ల్యా సరే, నోరు గూడా ల్యాదా? పెండ్లికూతురు మాదిరి కూసోనుండాడే!"

వ్యానంతా నవ్వు. నేనూ నవ్వాను. పని పోయాక అదే మొదటిసారి అనుకుంటాను.

"దాసిపెట్టుకుంటే ఎవురికి తెలుస్తుంది అల్లుడా?" అన్నాడు మామ, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

వ్యాన్ దిగే ముందు ఎస్తేరమ్మే చెప్పింది. వాళ్ళ తమ్ముడు విరుదునగర్‌లో మిరపకాయల మండీలో మూటలు మోస్తాడట. అక్కడ లెక్కలు రాసే మనిషి తిరుప్పూరు వెళ్ళిపోయాడట.

మామ వ్యాన్ కంపెనీలో పెట్టి, సగం రోజు సెలవు అడిగి, నాతో బస్సు ఎక్కాడు.

ఆ బస్సు ప్రయాణం ఇప్పటికీ నాకు కలలా అనిపిస్తుంది. ఆడి గాలి. కిటికీ షట్టర్లన్నీ ఒకేసారి మాట్లాడుతున్నట్టు మోత. బయట దున్నిన నల్లరేగడి, దాని మీద మేఘాల నీడలు నెమ్మదిగా నడిచిపోతున్నాయి. ఎక్కడినుంచో దూది పింజ ఒకటి లోపలికి వచ్చి, సీట్ల మీదుగా తిరిగి, మామ మీసం మీద వాలింది. ఆయన నిద్రపోతున్నాడు. నేను తీయలేదు. ఈ బస్సు ఎక్కడా ఆగకపోతే బాగుండు అనుకున్నాను.

దిగేటప్పుడు ఒకటే మాట చెప్పాడు. "పని ఉందా అని అడగొద్దు. ఏది కష్టంగా ఉందో అడుగు. అడిగి నోరు మూసుకో. అది నీకు బాగా వచ్చు."

మండీలో ఓనర్ నిజంగానే ఒక్కడే కూర్చుని ఉన్నాడు. టీ తెప్పించాడు. లెక్కల్లో ఏది ఇబ్బందిగా ఉందని అడిగాను. ఆయన మొదలుపెట్టాడు. లారీ బిల్లులు, గోడౌన్ స్టాకు, రెండూ కలవడం లేదట. నేను విన్నాను. తర్వాత ఆ బిల్లుల కట్ట నా ముందుకు తోశాడు. మిరప ఘాటుకు తుమ్ముకుంటూ, ఏ లారీ బిల్లులు ఆ లారీకి పేర్చి పెట్టాను. చాలావరకు కలిశాయి.

"రేపటినుంచి వచ్చేయ్" అన్నాడు ఓనర్.

నా నోటినుంచి వచ్చింది: "ఇది ఆడి కదయ్యా. ఆవణిలో చేరతాను."

అన్ని నెలలు తిరిగి, చేతికొచ్చిన పనికి నేను చెప్పిన జవాబు అది.

మామ నా కాలు తొక్కాడు. ఓనర్‌కు అర్థం కాకుండా తెలుగులో తిట్టాడు. "నీ నోరు పడిపోను! పొద్దుటినుంచి మూసుకోనుండి, ఇప్పుడా తెరిచేది?"

వెంటనే ఓనర్ వైపు తిరిగి, అరవంలో ఎంతో మర్యాదగా చెప్పాడు. రేపు వస్తాడయ్యా. చేరడం ఆవణిలో. అందాకా ఊరికే చూడ్డానికి వస్తాడు, చూస్తూ చూస్తూ చేతికి అందింది చేస్తాడు.

ఓనర్ ముఖం విప్పారింది. ఆడిలో కొత్త మనిషిని పెట్టుకోవడం ఆయనకూ ఇష్టం లేదని అప్పుడు తెలిసింది.

ఆ ఆడి అంతా నేను అక్కడ "చూశాను".

ఆవణి మొదటి రోజు రిజిస్టర్‌లో పేరు రాస్తుంటే తల ఎత్తాను. ఎదురుగా బెంచీ మీద మామ, ఉతికిన చొక్కాలో. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నేను పేరు రాయడం పూర్తయ్యేదాకా చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఈ రోజుకీ నాది ఆ కుర్చీయే.

నిన్న కాటి దగ్గర చాలామంది నిలబడ్డారు. మిల్లులో ఉన్నవాళ్ళు, బట్టల షాపులో ఉన్నవాళ్ళు, కడలమిఠాయి, అదే వేరుశనగ చిక్కీ, పొట్లాలు కట్టేవాళ్ళు. ఎవరికి ఎక్కడ ఆయన పని అడిగిపెట్టాడో చెప్పుకుంటూ ఏడ్చారు. తన కోసం ఆయన ఏ గుమ్మంలోనూ నిలబడినట్టు ఒక్కరూ చెప్పలేదు.

మామా, ఇక ఎవరి కోసమూ ఎవరినీ అడగనక్కర్లేదు.

హాయిగా కూర్చో. నీ మనసు చల్లగా ఉండాలి.