పసుపు పూసిన ఇన్లాండు

మా అత్తకు పోస్ట్‌మ్యాన్ మీద కూడా అనుమానమే. నాకు అత్త మీద అనుమానం. డెబ్బయ్యో దశకం చివర్లో మట్టెవాడలోని ఆ ఇంట్లో మేమిద్దరం ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఒకరినొకరం ఓరకంట కనిపెట్టుకుంటూ ఉండేవాళ్ళం.

నా మొదటి బిడ్డ పుట్టిన మూడోనాడే పోయాడు. ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తనివ్వలేదు. కంటతడి పెడితే "ఇంట్ల గా ఏడుపేంది, మళ్ల పుడుతడు తియ్యి" అని అత్త కసిరేది. అన్నం సయించక, నిద్ర పట్టక, నేను పెరట్లో బావి వైపు చూడడం మొదలుపెట్టాను. దవాఖానలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ ఆ సంగతి పసిగట్టింది. ఆమె హన్మకొండ సుబేదారిలో ఉండేది. నన్ను మళ్ళీ మళ్ళీ దవాఖానకు పంపరని చెబితే, "అయితే ఉత్తరం రాయమ్మా, నేను జవాబు రాస్తాను" అంది. మా చిన్నమ్మ రాసినట్టు రాయమని బతిమాలాను.

అలా ఇన్లాండు లెటర్లు మొదలయ్యాయి. నేను వాడి వేళ్ళ గురించి రాసేదాన్ని. ఇంకా చెప్పమని ఆమె రాసేది. ఆ కాగితం మడతల్లో తప్ప నా బిడ్డకు ఎక్కడా చోటు లేదు. అవి కూడా ఆగిపోతే నేనేమవుతానో అని నాకే భయంగా ఉండేది.

అత్త ఊరుకుంటుందా? "హన్మకొండల ఉన్న చిన్నమ్మకు కాళ్లు లేవా? పెండ్లికి రాలే, పురుడుకు రాలే, ఉత్తరాలు మాత్రం మస్తు రాస్తాంది."

ముందే విప్పించి చదివించుకుంటోందేమోనని, అంటించిన చోటల్లా గోటితో తడిమి చూసేదాన్ని. అత్తకు అనుమానం వచ్చిందని డాక్టరమ్మకు రాశాను.

ఆమె క్రైస్తవుల ఇంటి మనిషి. చుట్టాల ఉత్తరంలా నమ్మించాలని, పాపం, ఈసారి నాలుగు మూలలా పసుపు పూసి పంపింది. పసుపు ఉత్తరమంటే శుభవార్త అనీ, అది ఇంటిల్లిపాదిదీ అనీ, పెద్దవాళ్ళే విప్పుతారనీ ఆమెకు తట్టలేదు. అత్త దాన్ని కళ్ళకద్దుకుని మామ చేతికిచ్చింది. "మీ చిన్నమ్మ బిడ్డ పెండ్లేమో, రా, ఇందువుగాని" అని నన్నూ పిలిచింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

మామ కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివాడు. "మూడు రోజులే బతికినా వాడు నీ కొడుకే. ఏడుపొస్తే ఆపుకోకు. మళ్ళీ పుడతాడులే అన్నవాళ్ళతో వాదించకు, వాళ్ళ మాట నమ్మనూ నమ్మకు." అక్కడితో ఆయన గొంతు ఆగిపోయింది. కాగితం అత్త పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. అత్త దాన్ని పొయ్యిలో వేస్తుందని చూస్తున్నాను. ఆమె వేయలేదు.

"ఎవలీమె?"

"డాక్టరమ్మ."

"చిన్నమ్మ కాదని నాకెర్కనే." చేట ముందుకు లాక్కుని చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. "జవాబు రాస్తవా?"

నా గుట్టు లాగడానికే అడుగుతోందనుకున్నాను.

"రాస్తే నాదొక్క మాట రాయి," చేట మీద నుంచి తల ఎత్తకుండా అంది. "మీ ఆయన కంటే ముందుగాల నాకొక పిలగాడు పుట్టి పోయిండు. అప్పుడు నన్ను ఏడ్వనియ్యలే. ఇన్నేండ్లకు ఏడిస్తే ఏమన్న తప్పా, అడుగు."