గరమ్ హోనే దో

మేం ఢిల్లీ ద్వారకలో ఉన్న రోజులవి. నేను ఆసుపత్రిలో నర్సుని. మావారికి స్పీడు కార్లంటే పిచ్చి. అలాంటి కారులోనే రోజూ నన్ను డ్యూటీకి దింపి ఆఫీసుకెళ్ళేవారు.

బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే, మామూలువి తన కారుకు ఆనవని రేసు కార్లకు వేసేవి ఏరి మరీ బిగించుకొచ్చారు.

"షాపతను 'పహలే గరమ్ హోనే దేనా' అన్నాడు, ముందు వేడెక్కనివ్వమని. చలికాలం కదా, ఇంజన్ వేడెక్కాకే బయల్దేరాలి" అన్నారు.

మర్నాడు పొద్దున ఒకటే పొగమంచు. మేం టీ తాగేంతసేపూ ఇంజన్ ఆన్‌లోనే ఉంచి బయల్దేరాం. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. మా ముందు స్కూలు పిల్లల రిక్షా ఆగి ఉంది. ఆయన బ్రేకు వేసినా కారు ఆగడం లేదు.

"తొక్కండి" అన్నాను.

"తొక్కుతూనే ఉన్నా" అన్నారు.

రిక్షా వెనక వేలాడుతున్న నీళ్ళ సీసాల మీద బొమ్మలు కూడా కనిపిస్తున్నాయి. ప్రభువా అనుకుంటూ నేనూ కుడికాలితో నేలను తొక్కేస్తున్నాను. చివరి క్షణంలో ఆయన స్టీరింగ్ తిప్పేస్తే, కారు ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. పిల్లలు వెనక్కి తిరిగి మాకు టాటా చెప్పారు.

షాపుకెళ్తే అతను నెత్తి కొట్టుకున్నాడు. "ఇంజన్ నహీ భయ్యా, ప్యాడ్." ఆ రకం ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయట, చల్లగా ఉంటే పట్టు తక్కువట. ఆ పూటే మామూలువి వేయించాం.

ఇప్పటికీ మా అమ్మాయి చల్లారిన టీ పొయ్యి మీద పెట్టి "గరమ్ హోనే దో మమ్మీ" అంటే చాలు, నా కుడికాలు దానంతటదే నేలను తొక్కుతుంది.