అక్క చదివిన ఆఖరి వరుస

చెవిటివాళ్ల క్యాంపు కబురు మా ఊరికి మైకు కట్టిన ఆటోలో వచ్చింది. బేరిగై వైపు నుంచి దుమ్ము రేపుకుంటూ వచ్చి మా వీధి మొగలో ఆగింది. చెవులు వినపడని వాళ్లందరూ ఫలానా రోజు కృష్ణగిరికి రావాలని తమిళంలో గొంతు చించుకుని అరిచి, పక్క ఊరికి వెళ్లిపోయింది. ఆ సమయానికి మా అక్క ఆటోకి వీపు పెట్టి గొర్రెలకు నీళ్లు పోస్తోంది. ఈ తెలివి ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. సర్కారు లెక్కలో ఊరందరికీ చెప్పినట్టే.

నిజానికి అక్కకు ఆ కబురు ముందే తెలుసు. చెవిటివాళ్ల కబుర్లు మైకుల్లో రావు. హోసూరు బస్టాండులో, టీ కొట్టు పక్కన, ఆదివారం సాయంత్రాలు చేతుల మీదుగా వస్తాయి. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, ఊళ్లలో ఇళ్లు పట్టుకుని ఉండే ఆడపిల్లలు, వినపడని వాళ్లందరూ అక్కడ చేరేవారు. ఏ కంపెనీలో పని దొరుకుతుంది, ఎవరికి పెళ్లి కుదిరింది, ఏ ఆఫీసులో ఏ గుమాస్తా కసురుకుంటాడు, అన్నీ అక్కడే తేలిపోయేవి. వాళ్లకు ఒక నియమం ఉంది. తెలిసినదాన్ని దాచుకోకూడదు. ఒకరికి తెలిసింది సాయంత్రానికల్లా అందరికీ తెలియాలి. చెవులున్న లోకం తమకు ఏదీ చెప్పదని వాళ్లకు చిన్నప్పటి నుంచే తెలుసు కాబట్టి, తమలో తాము అంత ధారాళంగా ఉండేవారు.

ఆ గుంపుకి పెద్ద ఒక టైలరు. మా అక్క కన్నా బాగా పెద్దవాడు, భార్యాపిల్లలున్న మనిషి. ఆయన చేతులు కదిలితే మిగతా చేతులన్నీ ఆగేవి. అక్క ఆయన కబుర్ల కోసం వారమంతా కాచుకుని ఉండేది. ఆదివారం మధ్యాహ్నం టీవీలో వినపడని వాళ్ల కోసం వార్తలు వస్తే, పక్కింటి గడపలో కూర్చుని చూసేది. ఆ చదివే ఆమెవి ఢిల్లీ సైగలు. అక్కకు సగమే అర్థమయ్యేవి. మిగతా సగం మూటగట్టుకుని బస్టాండుకు పోయి, టైలరును అడిగి తేల్చుకునేది.

అక్క పుట్టిన దగ్గర నుంచి వినలేదు. చదివింది తమిళంలో, హాస్టలున్న బడిలో. పెదాల కదలిక చూసి మాట పట్టడం నేర్పారు, అదీ తమిళంలోనే. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. సెలవులకు ఇంటికొచ్చి మా అమ్మ పెదాల వంక చూస్తే ఆమెకు ఒక్క మాటా దొరికేది కాదు. మా అమ్మకు ఏ భాషలోనూ అక్షరం రాదు. గొర్రె, గంజి, జ్వరం, నాయన, ఇలా మా ఇంటి సైగలు కొన్ని ఉండేవి. వాటితో తల్లీకూతుళ్లు కడుపు నొప్పి గురించి చెప్పుకోగలరు, దిగులు గురించి చెప్పుకోలేరు. నేను చిన్నదాన్ని, అక్క తోక పట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి ఆమె సైగలు నాకు పట్టుబడ్డాయి. మా ఇంట్లో ఆమెతో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే.

బడి చదువు అయ్యి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, పొద్దుగూకితే అక్క తడబడటం మొదలుపెట్టింది. గడప తన్నుకునేది. ఎదురొచ్చిన వాళ్లను గుద్దుకునేది. పక్క నుంచి ఎవరైనా చెయ్యి ఊపితే పట్టించుకునేది కాదు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా, పట్నం పోయి వచ్చి పొగరు పట్టిందన్నారు. మా అమ్మ కూడా అదే పాట పాడింది.

"దానికి కళ్లు నెత్తికెక్కినాయమ్మా. పెద్దాయన ఎదురుగా వస్తా ఉంటే పక్కకు జరగకుండా పోయి గుద్దుకొనింది. నేను తల యాడ పెట్టుకోవాల?"

బెంగళూరు తీసుకుపోతే, అక్కడి కళ్ల డాక్టరు చాలాసేపు చూసి, అక్కకు చూపు పక్కల నుంచి మూసుకుపోతోందని చెప్పాడు. ముందు చీకట్లో పోతుంది, తర్వాత పక్కలు పోతాయి, చివరికి ఎదురుగా ఉన్నదీ మసకబారుతుంది. పుట్టుకతో చెవులు పోవడం, ఇప్పుడు కళ్లు పోవడం, రెండూ ఒకే జబ్బు. మందు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక మా బస్సు ఆగిపోయింది. ఇక దాచలేక అక్కడే అక్కకు చెప్పాను. అక్క నా చేతులనే చూస్తూ అంతా తెలుసుకుని ఒక్కటే అడిగింది.

"చేతులు కూడా కనపడవా?"

తను అడిగింది దారి గురించి కాదు, గొర్రెల గురించి కాదు. చేతులు కనపడకపోతే ఆమెకు మనుషులే లేరు. మా అమ్మతో ఎలాగూ మాట లేదు. నాకు పెళ్లయి పోతే నేనూ ఉండను. బస్టాండులో ఆ గుంపు ఒక్కటే ఆమె లోకం, ఆ లోకమంతా చేతుల్లో ఉంది.

ఒక దారి ఉందని ఆ డాక్టరే చెప్పాడు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకు, ఎదుటివాళ్ల చేతుల మీద తమ చేతులు పెట్టి మాట పట్టుకోవడం నేర్పే చోటు బెంగళూరులో ఉంది. అక్కడే ఉంచుకుని నేర్పుతారు. చూపు పూర్తిగా పోకముందే చేరితే మంచిది. కాకపోతే రెండూ లేవని మన తమిళనాడు సర్కారు డాక్టరు రాసిన కాగితం ఉండాలి. చెవుల కాగితం అక్కకు బడిలో ఉన్నప్పుడే వచ్చింది. ఇంకా కావలసింది కళ్లది. అలాంటి కాగితాలు రాసిచ్చేదే కృష్ణగిరి క్యాంపు.

కళ్ల సంగతి బస్టాండులో ఎవరికీ చెప్పవద్దని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. చూడలేనిదానితో ఎవరు మాట్లాడతారు, మెల్లగా వదిలేస్తారు అని ఆమె భయం. అందుకని టీ కొట్టు ట్యూబులైటు కింద గోడకు ఆనుకుని నిలబడి, అందరినీ తన ఎదురుగా రప్పించుకునేది. వాళ్లు దాన్ని పెత్తనం అనుకుని ఆటపట్టించేవారు.

అప్పటికి కృష్ణగిరి కొత్తగా జిల్లా అయింది. ఇక ప్రతిదానికీ ధర్మపురికి పరిగెత్తే పని తప్పింది. ఒక బడి ఆవరణలో షామియానా వేసి బల్లలు పెట్టారు. చెవులకొకటి, కళ్లకొకటి, కాళ్లకొకటి. ఎవరికి ఏది లేకపోయినా అన్ని బల్లలూ తిరగాలి. అక్కడ కూడా పేర్లు మైకులోనే పిలిచారు. పిలిచినా ఎవరూ లేవడం లేదని పిలిచేవాడు విసుక్కున్నాడు. ఆఖరికి టైలరు బల్ల పక్కన నిలబడి, పేరు రాసిన చీటీ చూసి, ఒక్కొక్కరినీ సైగతో పంపడం మొదలుపెట్టాడు. అప్పుడు గానీ వరుస కదలలేదు.

కళ్ల బల్ల దగ్గర అక్కను వరుసలో నిలబెట్టి, పాత కాగితాల మీద సంతకం కోసం నేను ఇంకో బల్లకు వెళ్లాను. నేను లేనప్పుడు జరిగింది, తిరిగి వచ్చి వరుసలో వాళ్ల చేతులు చూశాక నాకు అర్థమైంది. ముందు చూపించుకుని బయటికొచ్చినవాళ్లు, గోడకు తగిలించిన బోర్డు మీద ఏ వరుసలో ఏ అక్షరాలున్నాయో వెనక ఉన్నవాళ్లకు చేతులతో చెప్పేశారు. పరీక్ష అనే మాటకు వాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే, పాసవ్వాలి. తమకు ప్రశ్నపత్రం తెలిసింది, దాచుకోకూడదు. పెద్ద అక్షరాల నుంచి చీమ తలకాయంత అక్షరాల దాకా మొత్తం వరుస వెంబడి నడిచి మా అక్క దాకా వచ్చింది. పట్టపగలు, ఎదురుగా, దగ్గరగా ఉన్న చేతులు ఆమెకు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. బడిలో ఆమెది మంచి జ్ఞాపకశక్తి అని పేరు.

నేను తిరిగి వచ్చేసరికి అక్క స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఒక్కో అక్షరాన్నీ వేలితో గాలిలో రాస్తోంది. ఆఖరి వరుస. వేలు ఎక్కడా ఆగలేదు. ఆమె ముగించగానే వెనక వరుసలో వాళ్లంతా చేతులు పైకెత్తి ఆడించారు. అది వాళ్ల చప్పట్లు. డాక్టరు కూడా నవ్వి, కాగితం మీద రాసేశాడు.

నేను డాక్టరు దగ్గరికి ఉరికాను. ఆయన బర్గూరు వైపు మనిషి, మన తెలుగే మాట్లాడాడు.

"చెల్లెలామ్మా నువ్వు? కళ్లు బాగుండాయి. పిల్చుకుపోమ్మా."

"సార్, మా అక్క చూసి చదవలేదు సార్. వరసలో వాళ్లు ముందే చెప్పేసినారు. పక్కన ఏమి పెట్టినా ఆమెకు కనపడదు. ఒక్కసారి పక్కనించి చెయ్యి ఊపి చూడండి సార్."

"పొద్దున్నించి కనపడేవాళ్లంతా కనపడదని చెప్పేదే వింటా ఉండాను. ఆఖరి వరస చదివిన పిల్లను గుడ్డిదని రాస్తే నా ఉద్యోగం ఉంటుందా? నువ్వే చెప్పు."

బెంగళూరు డాక్టరు చీటీ తీసి చూపించాను. అది కర్ణాటకది, ఈడ చెల్లదన్నాడు. చెవుల కాగితం ఉండాది కదా, ఒక మనిషికి అది చాలదా అన్నాడు. వెనక నుంచి జనం తోస్తున్నారు. నేను అరిచాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. ఎవరో వచ్చి నన్ను పక్కకు జరిపారు. ఆయన చెడ్డవాడని అనను. వేషాలు చూసి చూసి ఎవరినీ నమ్మలేని స్థితికి వచ్చాడు. కానీ ఆ ఒక్క రాత చాలా కాలం మా వెంటపడింది. తర్వాత ఏ ఆఫీసుకు పోయినా, అప్పుడు కళ్లు బాగున్నాయని రాసి ఉంది కదా, ఇంతలోనే ఏమైంది అని అడిగేవారు.

"ఎందుకు చదివావు? ఎందుకొచ్చామో నీకు తెలుసు కదా" అని అక్కను నిలదీశాను.

"అందరూ చూస్తున్నారు" అంది. ముఖంలో స్టూలు మీద ఉన్నప్పటి వెలుగు అప్పటికే ఆరిపోయింది. "చదవకపోతే వాళ్లకు తెలిసిపోతుంది."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ వెంటనే జాలి వచ్చింది. రెండూ పోలేదు, ఇప్పటికీ పోలేదు.

అందరం ఒకే బస్సులో హోసూరుకు తిరిగి వచ్చాం. దారి పొడవునా సీట్ల మీదుగా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఎదురెండ అక్క కళ్లలోకి సూటిగా కొడుతోంది. ఆమె కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకుని ఎవరూ కదపలేదు.

బస్టాండులో దిగేసరికి వెలుతురు పలచబడింది. వాళ్లు దిగగానే విడిపోయే రకం కాదు. చివరి కబురు అంటూ ఒకటి, ఆ తర్వాత మరొకటి. టైలరు మధ్యలో నిలబడి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అందరూ నవ్వారు. అక్క కొంచెం ఆలస్యంగా నవ్వింది. మళ్లీ నవ్వారు, ఈసారి ఆమె ఇంకా ఆలస్యంగా నవ్వింది. కరెంటు పోయి ఉంది, ఆ రోజు ట్యూబులైటు లేదు. ఆమె కళ్లు ఆయన చేతుల కోసం ఆ మసకలో వెతుకుతున్నాయి. నేను చెప్పబోయేలోపే అక్క ఒక అడుగు ముందుకు వేసి, రెండు చేతులూ చాచి, ఆడుతున్న ఆయన చేతులను పట్టుకుంది.

బస్టాండు నిండా జనం. పెళ్లికాని పిల్ల, పరాయి మగవాడి చేతులు పట్టుకుంది. కండక్టర్లు తిరిగి చూశారు, టీ తాగేవాళ్లు తిరిగి చూశారు. టైలరు బిగుసుకుపోయి చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఆ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారేమో. అక్క చాచిన చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. జీవితంలో నాకు అంత దుఃఖం కలిగిన క్షణం ఇంకొకటి లేదు.

నేను వెళ్లి నా చేతులను ఆమె చేతుల కిందికి పోనిచ్చాను. ఆమె గట్టిగా పట్టుకుంది. మీరు ఇందాక ఏం చెప్పారో మళ్లీ చెప్పండి అని టైలరును సైగతో అడిగాను. ఆయన అక్క ముఖం వంక, ఆమె కళ్ల వంక చూశాడు. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. నేను దాన్ని అక్క అరచేతుల కింద మళ్లీ చేశాను.

ఇవాళ మన వాళ్లలో తడబడకుండా ఆఖరి వరుస దాకా చదివింది ఈ పిల్ల ఒక్కతే. మనందరిలోకీ మంచి కళ్లు ఈమెవే.

అంతవరకు చెప్పి ఆయన చేతులు ఆగిపోయాయి. నా చేతులూ ఆగాయి. అక్క నా వేళ్లను కదిపి, తర్వాత ఏమన్నాడు అని అడిగింది.

ఏమీ అనలేదు, ఏడుస్తున్నాడు అని ఆమె చేతుల్లో చెప్పాను.