రక్తం చూడకుండా మందు లేదు

డాక్టరు పెదనాయన పోయినాడు. పొద్దున్నే పాలు పోసి వచ్చిన మా నాయన తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకొని, "పాపా, ఇంక మనల్ని తిట్టే మనిషి లేడు" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. గిద్దలూరులో మా వీధి చివర ఉండే ఆ రిటైరైన పశువుల డాక్టరు మాకు చుట్టం కాదు. పిలుపుకే పెదనాయన.

ఆయన ఇంటి ముందే షామియానా వేసి సంతాప సభ పెట్టినారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ "మృదుస్వభావి, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి" అంటాడు. ఛీ, ఏం మనుషులు! ఆయన చేత తిట్లు తిననోడు ఆ సభలో ఒక్కడుంటే చూపించండి. అందరికంటే ఎక్కువ ఏడ్చింది మందుల షాపాయన. "కుక్కకు రక్తపరీక్ష అంట! రేపు దానికి కళ్లద్దాలు కూడా రాస్తాడేమో" అని షాపు మెట్ల మీద పళ్లికిలించింది ఈయనే. గొర్రెలకు వేసే పురుగుల సూదిమందు కుక్కలకు పొడవమని అమ్మిందీ ఈయనే. ఇప్పుడు కండువాతో కళ్లొత్తుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

చదివేవాళ్లకు సంగతి చెప్పాలి. కుక్కల గుండెలో ఒక రకం పురుగు పడుతుంది. దోమ కుట్టి ఎక్కిస్తుంది. నెలనెలా మాత్ర వేస్తే రాదు. కానీ అప్పటికే పురుగున్న కుక్కకు చూడకుండా మందేస్తే, రక్తంలోని పురుగు పిల్లలన్నీ ఒక్కసారే చచ్చి, కుక్క నిలబడ్డ చోటే కూలబడొచ్చు. అందుకే పెదనాయన మాట ఒకటే. "రక్తం చూడకుండా మందు లేదు." ఇంకో మాట కూడా ఉండేది. "ఇయ్యాల కనపడలేదంటే లేదని కాదురా. దోమ కుట్టినాక కనపడటానికి ఆరు నెలలు పడుతుంది. మళ్లీ తీసకరా." దీనికి ఊరంతా నవ్వింది. లేదన్నాక మళ్లీ ఏందంట!

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో టీ కొట్టు కాడ మగాళ్లంతా రాజధాని మన పక్కకే వస్తుందని తెగ కొట్టుకునేవాళ్లు. ఆయన స్కూటరు ఆపి, "నువ్వు చెప్తే వస్తుందా రాజధాని? నీ కుక్క దగ్గుతా ఉంది, అది నీ చేతిలో ఉంది, పో!" అనేవాడు. ఇదీ మృదుస్వభావం.

మా నాయన మాత్రం తక్కువ తిన్నాడా? గొర్రెల దొడ్డికి కాపలా మా కుక్క నల్లోడు. వాడంటే నాయనకు ప్రాణం. వానలకు ముందు పరీక్ష చేసి, ఇప్పటికైతే లేదని పెదనాయన మాత్రలిచ్చినాడు. లేనిదానికి మాత్రలెందుకని మా తెలివిగల నాయన పొట్లం చూరులో చెక్కి మర్చిపోయినాడు. ఆరు నెలలైంది, రమ్మని కబురొచ్చినా కదల్లేదు. చివరికి ఆయనే దొడ్డికి వచ్చినాడు. "ఒరేయ్, నీకు బదులు నీ కుక్కకు చెప్పినా ఈపాటికి నడిచొచ్చేది!"

రక్తపు చుక్క గాజుపలక మీద పెట్టి నాయన్ని మైక్రోస్కోపులో చూడమన్నాడు. నాయన చూసి వెనక్కి జరిగినాడు.

"దారప్పోగులు మెలికలు తిరుగుతా ఉండాయన్నా. బతుకుతాడా వాడు?"

"కట్టేస్తే బతుకుతాడు. గుండెలో పురుగుతో ఉరికినాడా, చచ్చిపోతాడు. కట్టేయాల్సింది నిన్ను. ఏం చేస్తాం, వాణ్ని కట్టేస్తున్నా."

నెలల తరబడి నల్లోడు గుంజ కాడ కట్టు, నాయన దొడ్డికి కాపలా. "కుక్క పనికైనా పనికొచ్చినావులే" అని పెదనాయన మెచ్చుకున్నాడు. ఆయన జన్మలో నాయనకు దక్కిన మెప్పు అదొక్కటే. రోజూ వచ్చి నేల మీద మోకాళ్లూని, పురుగుల్ని నిదానంగా చంపే వేరే మందు మింగించేవాడు. "నా బంగారు కదా, ఇంకొంచెం ఓర్చుకో నాయనా" అని వాడి చెవిలో చెప్పేవాడు. మైకులోళ్లు చెప్పిన ఆ మెత్తదనం ఉన్నమాట నిజమే. మనుషులకు అది అందలేదు, అంతే. అందుకునే యోగ్యత మాకేముంది? నల్లోడు బతికినాడు. ఏటేటా పరీక్ష అంటే పెదనాయన ఇంటి అరుగెక్కి కూర్చొని, అడక్కుండానే ముందుకాలు చాపడం నేర్చినాడు.

సభ అయిపోయినాక మందుల షాపాయన నాయన భుజం మీద చెయ్యేసినాడు. "ఈ ఏటి పరీక్ష గొడవ ఇంకెందుకులే. మాత్రలు నా కాడ తీసకపో."

గొంతెత్తి మాట్లాడటం ఎరగని మా నాయన ఆ చెయ్యి విదిలించి కొట్టినాడు. "రక్తం చూడకుండా మందిస్తావా? తలకాయలో మట్టి ఉందా నీకు?"

కుర్చీలు మడతేసేవాళ్లు కూడా ఆగిపోయి చూసినారు. గొంతు మా నాయనదే, తిట్టు మాత్రం పెదనాయనది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

"రేపు మార్కాపురం తీసకపోదాం పాపా, అక్కడ చేస్తారంట" అంటా నాయన నల్లోడి కోసం చూసినాడు. వాడు ఎప్పుడెక్కినాడో, తాళమేసిన తలుపు ముందు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ముందుకాలు చాపి పెట్టినాడు. పిలిచినా దించలేదు.