బియ్యం డ్రమ్ములో ఆడపిల్లల ఆటలు

మా కంప్యూటర్ మేడమ్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది భీమిలిలో ఉండే వాళ్ల తమ్ముడు. "నిద్దట్లోనే ఎలిపోనాదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే ఒక అనుమానం కూడా వచ్చింది. ఆ బియ్యం డ్రమ్ము ఇప్పుడు ఎవరి చేతిలో పడిందో? చావు కబురు విన్నప్పుడు ఇదేం ఆలోచన అని మీరనుకోవచ్చు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు అలా అనుకోరు. ముందు అనుమానించమని, నమ్మడం తర్వాత చూసుకోవచ్చని మాకు చెప్పింది ఆవిడే.

తొంభైల చివర్లో కూర్మన్నపాలెంలో ఒక అద్దె ఇంటి ముందుగదిలో ఆవిడ కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. వారమంతా మగపిల్లలు గంటల లెక్కన వచ్చి తుపాకులు పేల్చి, కార్లు గుద్ది పోయేవారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తలుపు మూసి మా ఆడపిల్లల్ని కూర్చోబెట్టేవారు. ఆ పూట ఆటలు వేరు. గౌన్లు కుట్టే ఆట, గది సర్దే ఆట, దెబ్బ తగిలిన కుక్కపిల్లకి కట్టు కట్టే ఆట. గౌన్ల ఆటలో లంగా దొరికేది గానీ ఓణీ లేదు. నేను సముద్రస్నానం బట్టల్లోంచి తువ్వాలు తీసి బొమ్మ భుజాన వేసేదాన్ని. మేడమ్ చూసి "బాగుందే" అనేవారు.

ఈ ఆటల సీడీలు పోర్టు దగ్గర, ఓడలవాళ్లు వదిలేసిన సరుకు అమ్మే కొట్లలో దొరికేవి. తుపాకుల ఆటలకి గిరాకీ. ఆడపిల్లల ఆటలు ఎవరూ కొనేవారు కాదు. కొట్టువాళ్లు ఊరికే ఇచ్చేస్తే జనం తీసుకెళ్లి, పావురాలు రాకుండా బాల్కనీల్లో దారం కట్టి వేలాడదీసేవారు. మేడమ్ రోడ్డు మీద తలెత్తి నడిచేవారు. ఎక్కడైనా గులాబీరంగు సీడీ తిరుగుతూ కనిపిస్తే మెట్లెక్కి తలుపు కొట్టేవారు. "అదిచ్చేయండి, బదులు ఇంకో సీడీ తెచ్చి నేనే కడతాను" అనేవారు. ఒక చెత్త సీడీ కోసం ఇంత దూరం ఎందుకొచ్చిందా అని ఆ ఇంటివాళ్లు ఆవిడని కిందికీ మీదికీ చూసేవారు.

ఆవిడ మాత్రం ఎవర్ని నమ్మారు గనక? సముద్రపు గాలిని అసలు నమ్మరు. జాలరి ఇంట్లో పుట్టిన మనిషి కదా, ఉప్పుగాలి ఇనప గొళ్లేన్నే తినేస్తుందని తెలుసు. అందుకని సీడీలూ ఫ్లాపీలూ కవర్లలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టేవారు. బియ్యం చెమ్మ పీల్చుకుంటుందని ఆవిడ లెక్క. డ్రమ్ముకి తాళం. వండని బియ్యానికి తాళమేమిటి, లోపల బంగారం ఉందని కాలనీలో చెవులు కొరుక్కునేవారు. మాకైనా ఇంటికి ఇచ్చేవారు కాదు. "ఇక్కడే ఆడు. ఎల్లినవి తిరిగి రావు" అనేవారు. ఆటకి ముందు చేతులు చూపించాలి, ముందు అరచేతులు, తర్వాత వెనక. తలనూనె జిడ్డో, జంతికల జిడ్డో కనబడితే కుళాయి దగ్గరికి పొమ్మనేవారు.

మూసిన తలుపు సంగతి విని మా నాన్నకీ అనుమానం పట్టుకుంది. ఒక ఆదివారం స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగి, యూనిఫాంలోనే వచ్చి తలుపు తోశాడు.

"ఏటండీ మేడమ్, ఏటి సూపిత్తన్నారు పిల్లలకి?"

మేడమ్ కుర్చీలోంచి కదల్లేదు. "సూద్దురు గాని. ముందు మీ సేతులు సూపించండి."

గోళ్ల నిండా గ్రీజు. నాన్న మావైపు చూసి, తన చేతులు చూసుకుని, కుళాయి వైపు నడిచాడు. రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, స్టూలు మీద కూర్చుని గది సర్దే ఆట చివరిదాకా చూశాడు. "మంచం కిటికీ కిందెయ్యకే, వానొత్తే తడిసిపోద్ది" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నన్ను ఆదివారం ఆపలేదు.

ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక సెంటర్ మూతపడింది. మేడమ్ డ్రమ్ముని ఆటోలో ఎక్కించుకుని భీమిలి తమ్ముడింటికి వెళ్లిపోయారు. నేను ఉద్యోగంలో చేరాక అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేదాన్ని. ఇవింకా ఎందుకు మేడమ్, ఎవరాడతారు అని ఒకసారి అడిగాను. ఆవిడకి కోపం వచ్చింది.

"రేపెవడో పెద్దమనిషి అంటాడే, అప్పట్లో ఆడపిల్లలు కంప్యూటర్ ముట్టేవోరే కాదని. ముట్టేరని నాను నోటితో సెప్తే నమ్ముతాడేటి? మూత తీసి సూపించాల."

ఆ మాటే తలుచుకుంటూ భీమిలి బస్సులో వేలాడుతూ వెళ్లాను. ఇంటి ముందు వాకిట్లో చేపలు ఎండబెట్టి ఉన్నాయి. వాటి మీద, కర్ర నుంచి కర్రకి కట్టిన దారానికి సీడీలు వరసగా తిరుగుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ఇలా పోయారో లేదో, అలా డ్రమ్ము పగలగొట్టి కాకులకి కట్టేశారన్నమాట! లోపలికి కూడా వెళ్లకుండా ఒకటి అందుకుని తిప్పి చూశాను. సైనికుడు, తుపాకీ. పక్కది కారు. దాని పక్కది మళ్లీ తుపాకీ.

మేడమ్ తమ్ముడి భార్య గుమ్మంలోంచి చూస్తోంది. ఏడ్చి ఏడ్చి ఆవిడ మొహం ఉబ్బిపోయి ఉంది.

"అవి మగపిల్లల ఆటలమ్మా. మా వదినే కట్టినాది. కాకులకి ఇవి సాలు అన్నాది."

చావింట్లో నవ్వకూడదని తెలిసీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు తన్నుకొచ్చింది. ముందుగదిలో పడుకోబెట్టిన మేడమ్‌కి దణ్ణం పెట్టుకున్నాక ఆవిడ నన్ను వెనకగదిలోకి తీసుకెళ్లింది. డ్రమ్ము అక్కడే ఉంది, వేసిన తాళం వేసినట్టే ఉంది. కొంగుకి కట్టిన తాళంచెవి విప్పింది గానీ నాకివ్వలేదు.

"ప్లాంటాయన కూతురొత్తాది, డ్రమ్ము దానికే ఇయ్యమన్నాది. గానీ ముందు సేతులు సూడమన్నాది. అదైనా సరే సూడమన్నాది."

రెండు చేతులూ చాపాను. అరచేతుల నిండా బస్సు రాడ్డు నలుపు. ఆవిడ వాకిటి కుళాయి వైపు చూపించింది. ఇంతకంటే పెద్ద నమ్మకం నా మీద ఎవరూ ఉంచలేదు.

కడుక్కుని, చేతులు ఆరేదాకా గాలిలో చాపి వాకిట్లోనే నిలబడ్డాను. నెత్తిమీద తుపాకులూ కార్లూ ఎండలో తళతళా తిరుగుతున్నాయి. గోడ మీద కాకి ఒకటి అనుమానంగా చూస్తోంది, దగ్గరికి రావడం లేదు.